చేపల నిల్వ – కొంత చరిత్ర

మన సభ్యుల ఇళ్లలో దూరాన ఉన్న పిల్లలకు చేపల పచ్చడి కట్టి పంపడం పరిపాటి. అందుకే ప్రత్యేక సంచికకు ఈ విషయం ఎంచుకున్నాను.

ఆహారాన్ని గాజు సీసాల్లో బిగించి, నీళ్లలో మరిగించి నిల్వచేసే పద్ధతి ఫ్రాన్సు దేశస్థుడు నికొలా అప్పేర్‌ది. దాన్ని పుస్తకంగా ప్రకటించాలన్న షరతుతో 1810లో అక్కడి ప్రభుత్వం ఆయనకు 12,000 ఫ్రాంకులిచ్చింది. ఆహారం ఎందుకు చెడదో మాత్రం ఆయనకు తెలియదు. సూక్ష్మజీవుల సంగతి అర్ధశతాబ్దం తరువాత పాశ్చర్ తేల్చాడు. 1895లో బెల్జియంలో నిల్వ మాంసం తిని ముగ్గురు మరణించగా, వాన్ ఎర్మెంగెమ్ అందుకు కారణమైన బొట్యులినం క్రిమిని పట్టుకున్నాడు. దాని బీజాలు మరిగే నీటిలోనూ చావవు. గాలి చొరని, పులుపులేని సీసాలో విషం పుట్టిస్తాయి. కనుకనే చేపల సీసాలకు ప్రెషర్ క్యానర్‌లో 100 నిమిషాలు కావాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. మన వంటింటి కుక్కరు దానికి బదులు కాదు.

మన ఇళ్లలో దారి వేరు. బొచ్చె, శీలావతి ముక్కలను తడి పోయేదాకా వేయించి, ఉప్పు, కారం, మసాలా పట్టించి, చల్లారాక నిమ్మరసం కలుపుతాం. తేమ తగ్గడం, ఉప్పు, పులుపు – ఈ మూడే పచ్చడికి కాపలా. పైన తేలే నూనె గాలిని ఆపుతుందే గాని ఆ క్రిమిని ఆపదు.

రక్తపోటు ఉందని ఉప్పు తగ్గించుకునే మన వయసు వారికి నా మనవి: పచ్చడి కొద్దిగానే పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి, నాలుగు రోజుల్లో ముగించండి.