బొంబాయి వెండితెరపై తెలుగువాడు: పైడి జైరాజు

బొంబాయి తెలుగువారి చరిత్రను చెప్పబూనినవారు కామాటిపురముతో ఆరంభించుట పరిపాటి. అది న్యాయమే. 1784 ప్రాంతమున హార్న్‌బీ వెల్లార్డు అను కట్ట పూర్తియై సముద్రపు పోటు నిలిచిన పిదప, బయటపడిన పల్లపు నేలపై, ఆ శతాబ్దాంతము నుండి నిజాము రాజ్యపు తెలుగు కూలీలు వచ్చి కాపురముండిరి. తట్టయు పారయు చేబట్టి కట్టడముల పని చేయు ఆ కామాటుల పేరే ఆ పేటకు పేరయ్యెను. కరీంనగరము, పాలమూరు మొదలగు సీమల నుండి వారి వెనుక తరములవారు వచ్చుచునే యుండిరి.

ఈ పేటను ఆనుకొనియున్న ఫాక్‌లాండ్ రోడ్డు, 1848 నుండి 1853 వరకు గవర్నరుగా నుండిన ఫాక్‌లాండ్ ప్రభువు పేరు దాల్చినది. తరువాతి కాలమున దానికి మరాఠీ తమాషా కవి పఠ్ఠే బాపూరావు పేరు పెట్టిరి. లోకము ఈ వీథిని ఒక్క అపకీర్తితోడనే ఎరుగును. కాని ఇదియే బొంబాయి నాటకమునకును సినిమాకును పుట్టినిండ్లలో నొకటి. ఇచ్చటి నాటకశాలలను బట్టి ‘ప్లేహౌస్’ అను ఆంగ్లపదము జనుల నోట ‘పీలాహౌస్’ అయ్యెను. పారసీ నాటక సమాజములు ఆడిన ఆ తావున క్రమముగ ఆల్ఫ్రెడ్, రోషన్, గుల్షన్ మొదలగు సినిమాశాలలు వెలసెను. నగరమును కట్టిన తెలుగువాని వాకిటనే నగరపు వినోదము పెరిగినది. ఆ వినోదమునకు నాయకుడైన తెలుగువానిని మాత్రము మన చరిత్రలు తరచుగ మరచినవి. అతడే పైడి జైరాజు.

జైరాజుగారు 1909 సెప్టెంబరు 28వ తేదీన కరీంనగరమున జన్మించిరి. హైదరాబాదున నిజాము కళాశాలలో చదివి, 1929లో బొంబాయి చేరిరి. కామాటులు నడచిన త్రోవయే అది. పని మాత్రము వేరు. ఆ సంవత్సరమే ‘జగ్‌మగాతీ జవానీ’ అను మూకచిత్రమున తెరపై కనిపించిరి. మూకచిత్రమునకు భాష లేదు. నటుని ముఖమును, దేహమును, చురుకుదనమును చూతురే గాని, వాడే సీమవాడని ఎవరును అడుగరు. తెలుగు యువకునకు బొంబాయి తెర తలుపు తెరచినది ఈ మౌనమే.

1931లో ‘ఆలం ఆరా’ మాటలాడిన నాటి నుండి ఆ తలుపు భాషల వారిగ చీలెను. ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ సైతము బొంబాయిలోనే, ఇంపీరియల్ కంపెనీ పక్షమున, హెచ్. ఎం. రెడ్డిగారి దర్శకత్వమున తయారై 1932లో విడుదలయ్యెను. నాటి తెలుగు టాకీకి కావలసినది రంగస్థలమున పద్యము పాడగల గొంతుక. అందుచే సురభి కమలాబాయి వంటి నాటకరంగ ప్రముఖులను రప్పించిరి. జైరాజుగారు మూకచిత్రములలో తయారైన నటులు. వారు హిందూస్థానీ టాకీ వైపు నడచి, 1932లోనే ‘శికారీ’ చిత్రమున మాటలాడిరి.

ఈ నడకకు నేను చూచిన ప్రధాన కారణము హైదరాబాదు సంస్థానపు స్థితి. అచ్చట 1884 నుండి ఉర్దూ రాజభాష. తెలంగాణమున తెలుగు వెనుకబడుటకు కారణమైన ఆ ఏర్పాటే, బొంబాయి స్టూడియో ద్వారమున ఈ యువకునకు యోగ్యతాపత్రమైనది. ఒకరి మాతృభాషకు కలిగిన లోపము అతని బ్రతుకుతెరువునకు లాభమైన తీరు ఇది. దీనిని నిందింప పనిలేదు, మరువనురాదు.

వారి చిత్రములను చూడుడు. 1943లో దేవికారాణి కడపటి చిత్రమైన ‘హమారీ బాత్’లో ఆమె సరసన నాయకుడు. 1945లో దిలీప్‌కుమార్ నటించిన ‘ప్రతిమ’కు దర్శకుడు. 1949లో సురయ్యా, మధుబాలలతో ‘సింగార్’, 1951లో స్వయముగ నిర్మించిన ‘సాగర్’, 1956లో ‘హాతింతాయి’. పిమ్మట చారిత్రక పాత్రల వరుస: 1959లో పృథ్వీరాజు, టిప్పు సుల్తాను, 1960లో వీర దుర్గాదాసు. ఉత్తరదేశ ప్రేక్షకులకు రాజపుత్ర వీరుని రూపము చూపిన ముఖము కరీంనగరపు ముఖము. 1975లో ‘షోలే’ చూచిన లక్షలమందిలో, పోలీసు కమీషనరు వేషమున నున్న వృద్ధుడు మూకచిత్రముల నాటి నాయకుడని తెలిసినవారు ఎందరుందురు?

ఏలూరు చెంత సోమవరప్పాడున 1908లో జన్మించిన ఎల్. వి. ప్రసాదుగారు వీరి సమకాలికులు. వారును బొంబాయి చేరి, ‘ఆలం ఆరా’, ‘భక్త ప్రహ్లాద’లలో చిన్న వేషములు వేసి, పిమ్మట మద్రాసున తెలుగు చిత్రసీమకు పెద్దదిక్కైరి. ఒకరు మరలి వచ్చిరి, ఒకరు నిలిచిపోయిరి. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము జైరాజుగారికి 1980 సంవత్సరమునకు, ప్రసాదుగారికి 1982 సంవత్సరమునకు లభించినది. తెలుగువారిలో అంతకు ముందు 1974 సంవత్సరమునకు ఆ గౌరవమందిన బి. ఎన్. రెడ్డిగారు దర్శకులు. కావున దానిని పొందిన తొలి తెలుగు నటుడు, తెలుగు చిత్రమున నటింపని నటుడే.

జైరాజుగారు 2000 ఆగస్టు 11వ తేదీన ముంబయిలో కన్నుమూసిరి. హైదరాబాదు రవీంద్రభారతిలోని చిన్న చిత్రప్రదర్శనశాలకు వారి పేరు పెట్టుటచే తెలంగాణము కొంత ఋణము తీర్చుకొన్నది. ముంబయి తెలుగువారి ఋణము మిగిలియే యున్నది. దేశమున తీసిన వేయికి మించిన మూకచిత్రములలో నేడు దొరకునవి కొన్ని పదులు మాత్రమే. అవియు పెక్కు తునకలు. తెరపై పోయిన దానిని మనము మరల తేలేము. చూచినవారి జ్ఞాపకములైనను పోనీయరాదు. కామాటిపురపు చాళ్లలో తాతలనాటి సినిమా కరపత్రములు, పాటల పుస్తకములు, ఛాయాచిత్రములు పెట్టెల అడుగున నుండవచ్చును. ఆ చాళ్లు సయితము పాతబడి ఒక్కటొక్కటిగ కూలుచున్నవి. ఇండ్లు మారునాడు మొదట పారవేయబడునవి ఆ కాగితములే.

ఆయన తెలుగున నటింపలేదు గనుక మనవాడు కాడనుట సులభము. అట్లయినచో, మరాఠీ పేర్లు మోయు మేడలు కట్టిన కామాటియు మనవాడు కాకపోవలెను. పరదేశమున చేసిన పనిపై చేసినవాని పేరుండదు. ఆ పేరును నిలుపవలసినది చరిత్ర వ్రాయువారు. మన సంఘములు ఈ పనికి పూనుకొనునుగాక.