విషయ నిర్వహణ వ్యవస్థ

విషయ నిర్వహణ వ్యవస్థ (సీఎంఎస్) అనగా హెచ్‌టీఎంఎల్ తెలియనివారు కూడా వెబ్‌సైటులోని సమాచారాన్ని స్వయంగా మార్చుకొనుటకు వీలు కల్పించే సాఫ్టువేరు. చిన్న వ్యాపారులకు ఇది ఎంతో ఉపయోగకరం. ఉదాహరణకు, సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో గానీ పటాన్‌చెరులో గానీ చిన్న పరిశ్రమ నడిపే యజమాని, ధర లేదా ఫోను నంబరు మారిన ప్రతిసారీ సైటు తయారుచేసినవారి కోసం ఎదురుచూడనక్కరలేదు.

పనితీరు

సాధారణంగా పాఠ్యం డేటాబేసులోను, పేజీ రూపురేఖలు మూసలలోను విడివిడిగా ఉంటాయి. అందువలన ఒక ఫారములో వివరాలు మార్చి భద్రపరచినా పేజీ రూపం చెడదు. ద్రూపల్ (2001), వర్డ్‌ప్రెస్ (2003), జూమ్లా (2005) ఉచితంగా లభించే ఇటువంటి స్వేచ్ఛా సాఫ్టువేర్లు.

జాగ్రత్తలు

డొమైన్ పేరు యజమాని పేరిట నమోదై ఉండాలి. నిర్వాహక సంకేతపదం కూడా యజమాని వద్దనే ఉండాలి. లేనిచో సైటు తయారుచేసినవారు అందుబాటులో లేనప్పుడు సైటే చేజారవచ్చు. సాఫ్టువేరును ఎప్పటికప్పుడు తాజాపరచి, సైటు నకలును వేరుగా భద్రపరచుకోవాలి.