కోరుట్ల కాగజ్ ఎందుకు నిలిచింది, మిల్లు కాగజ్ ఎందుకు విరుగుతోంది?

పాత సందూక్ తెరిచి చూడండి. అడుగున రెండు రకాల కాగజ్ కనబడుతుంది. ఒకటి ముతకగా, మందంగా, మట్టిరంగులో ఉంటుంది. మడిస్తే బట్టలా మడుస్తుంది. రెండోది పసుపెక్కి, మడత దగ్గర అప్పడంలా విరుగుతుంది. తమాషా ఏంటంటే, ఉమర్‌లో పెద్దది చాలాసార్లు మొదటిదే. పర్‌దాదా నాటి సనద్ పదిలంగా ఉంటుంది, అబ్బా చదువుకున్న ఉర్దూ నావెల్ మాత్రం చేతిలో పొడి అవుతుంది. దీని వెనక కట్టె తాలూకు కీమియా ఉంది. ఆ కథలో మన కోరుట్లకు, సిరిసిల్లకు కూడా హిస్సా ఉంది.

ముందు మాట సంగతి. తెలుగులో అందరం అనే ‘కాగితం’ ఫార్సీ ‘కాగజ్’ నుంచి వచ్చిందే. కలం, దస్తావేజు, రసీదు, జమాబందీ అన్నీ ఆ ఖాందాన్ మాటలే. కాగజ్ చేసే హునర్ చైనాలో పుట్టింది. 751లో తలాస్ జంగ్ తర్వాత సమర్‌ఖంద్‌కు చేరిందని రివాయత్. ఆ శతాబ్దం చివరికి బగ్దాద్‌లో కాగజ్ తయారవుతోంది. 15వ శతాబ్దంలో కశ్మీర్ సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ ఈ హునర్‌ను పెంచి పోషించాడు. మన దక్కన్‌లో దౌలతాబాద్ దగ్గర కాగజీపురా అనే ఊరే వెలిసింది. ఈ పని చేసే కారీగర్లను ‘కాగజీలు’ అన్నారు. వారిలో ఎక్కువమంది ముసల్మానులు.

ఇక మన ఇలాకా. 1900ల తొలి దశాబ్దంలో అచ్చయిన ఇంపీరియల్ గెజిటియర్ కోరుట్ల గురించి రాసింది కొద్దిపాటి వాక్యాలే. అందులోనే అక్కడి నాటు కాగజ్ ప్రస్తావన ఉంది. అది మన్నికైనదని, పట్వారీలు లెక్కల పుస్తకాలకు వాడతారని ఉంది. అప్పటికి కోరుట్ల జగిత్యాల తాలూకాలో ఒక కస్బా. పట్వారీ దఫ్తర్ అంటే మాటలా? ఎవరి జమీన్ ఎంత, ఎవరు శిస్తు కట్టారు, ఎవరి ఇనాం ఎక్కడిదాకా అన్నీ అందులోనే. అలాంటి హిసాబ్ రాయడానికి ఎంచుకున్న కాగజ్ వానకు, చెమట చేతులకు, ఏళ్లకు తట్టుకోవాలి. కోరుట్ల కాగజ్ ఆ ఇమ్తెహాన్ పాసయింది.

ఎలా తట్టుకుంది? దక్కన్ కాగజీల తరీఖా చూస్తే అర్థమవుతుంది. వాళ్లు చెట్టు కొట్టలేదు. పాత గోనె సంచులు, జనుము తాళ్లు, చింకి బట్టలు తెచ్చేవారు. సున్నపు నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, దంచి, కడిగి, మళ్లీ దంచి గుజ్జు చేసేవారు. ఆ గుజ్జు కలిపిన నీళ్ల తొట్టిలో సన్నటి గడ్డి తెర ముంచి లేపితే, పైన ఒక్క పొర నిలిచేది. దాన్ని గోడకు అంటించి ఆరబెట్టేవారు. ఆపైన గంజి పూత పూసేవారు, ఖుష్‌నవీసులు దీన్నే ‘ఆహార్’ అంటారు. చివరికి నున్నటి రాయితో రుద్దడం, అంటే ‘మొహ్రా’. అప్పుడే కలం జారకుండా, రోష్నాయీ పాకకుండా రాత కుదిరేది.

ఇప్పుడు కీమియాకు వద్దాం. ఏ చెట్టు కట్టెనైనా విడదీస్తే ముఖ్యంగా మూడు పదార్థాలు దొరుకుతాయి. మొదటిది సెల్యులోజ్. 1838లో ఫ్రెంచ్ కీమియాదాన్ అన్సెల్మ్ పాయెన్ దీన్ని గుర్తించాడు. కట్టెలో ఇది 40 నుంచి 50 శాతం. గ్లూకోజ్ కణాలు తస్బీ దానాల్లా వరుసగా గుచ్చుకున్న పొడవాటి గొలుసు ఇది. కాగజ్ బలమంతా ఈ గొలుసుదే. రెండోది హెమీసెల్యులోజ్, పొట్టి గొలుసులది. మూడోది లిగ్నిన్, 20 నుంచి 30 శాతం. దీవార్‌లో ఇటుకల మధ్య సున్నంలా ఇది పోగులను పట్టి ఉంచుతుంది. చెట్టు నిటారుగా నిలబడేది దీని వల్లే. చెట్టుకు దోస్త్ అయిన ఈ లిగ్నినే కాగజ్‌కు దుష్మన్. వెలుతురు, గాలి తగిలితే రంగు మారి పసుపెక్కుతుంది.

పత్తిలో దాదాపు అంతా సెల్యులోజే, జనుములో లిగ్నిన్ కొంచెమే. గోనెలో ఇంకాస్త ఉన్నా కట్టెలో ఉన్నంత లేదు. పైగా కాగజీ వాడిన సున్నం కొంత పోగుల్లోనే మిగిలిపోయేది. తర్వాత ఎక్కడి నుంచైనా తేజాబ్, అంటే ఆమ్లం చేరితే, ఆ సున్నం దాన్ని విరిచేసేది. కాగజీ వాడిన సున్నమే తర్వాతి తరాలకు పహరా కాసింది. హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబ్ జమానాల మొఘల్ కాగజాత్ మూడున్నర వందల ఏళ్లు దాటి ఈరోజుకూ ఉన్నాయంటే, ఆ చేతి కాగజ్ సత్తా ఏంటో చూడండి.

యూరప్‌లో కథ వేరే మలుపు తిరిగింది. అఖ్బార్లు, కితాబులు పెరిగేసరికి చింకి బట్టలు చాలలేదు. 1844లో జర్మనీలో ఫ్రెడరిక్ కెల్లర్ కట్టెను రాయి మీద అరగదీసి గుజ్జు చేశాడు. చౌకే, కానీ లిగ్నిన్ అంతా అందులోనే ఉండిపోయింది. అఖ్బార్ కాగజ్ ఎక్కువగా ఈ రకమే. మీ ఇంట్లో దాచుకున్న పాత ‘సియాసత్’ కటింగ్ పచ్చబడింది అందుకే. రెండో నుఖ్సాన్ పటికతో వచ్చింది. సిరా పాకకుండా 1807లో మోరిట్స్ ఇల్లిగ్ జంతువుల జిగురుకు బదులు గుగ్గిలం, పటిక వాడే పద్ధతి చెప్పాడు. ఆ తర్వాత ప్రపంచంలోని మిల్లులు దాదాపు అన్నీ దాన్నే పట్టుకున్నాయి. పటిక వల్ల కాగజ్‌లో తేజాబ్ పుడుతుంది. అది ఏళ్ల తరబడి మెల్లగా సెల్యులోజ్ గొలుసును ముక్కలు చేస్తుంది. తస్బీ దారం తెగినట్టే.

మన హుకూమత్‌లో మిల్లు 1938లో మొదలైంది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జమానాలో, గోదావరి దాటి ఆదిలాబాద్ అడవుల అంచున, పెద్దవాగు దగ్గర సిర్పూర్ పేపర్ మిల్స్ వెలిసింది. 1942లో కాగజ్ బయటికొచ్చింది. కొత్తపేట అనే ఊరు కాగజ్‌నగర్ అయింది. అక్కడ ముడిసరుకు అడవి వెదురు. వెదురు గడ్డిజాతిదే అయినా లిగ్నిన్ దాదాపు పావు వంతు ఉంటుంది. దాన్ని వదిలించడానికి మిల్లులు ముక్కలను కాస్టిక్ సోడా లాంటి క్షారాల్లో పెద్ద కడాయిల్లో ఉడికిస్తాయి. లిగ్నిన్ కరిగి నల్లటి నీళ్లలా దిగుతుంది. దాన్ని మండించి ఆవిరి పుట్టిస్తారు, క్షారాన్ని తిరిగి రాబట్టుకుంటారు. మిగిలిన పోగే కాగజ్. అందుకే టన్ను గుజ్జుకు రెండు టన్నుల పైచిలుకు కట్టె కావాలి.

అక్కడే సిర్‌సిల్క్ ఫ్యాక్టరీ ఇదే సెల్యులోజ్‌ను ఎసిటేట్‌గా మార్చి రేయాన్ దారం తీసింది. అడవిలో పుట్టిన పదార్థమే కాగజ్ అయింది, పట్టులా మెరిసే బట్ట కూడా అయింది. సిర్‌సిల్క్ 1980లలో మూతపడింది. కాగజ్ మిల్లు 2014లో ఆగి, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాక మళ్లీ నడిచింది. ఇటు సిరిసిల్ల మరమగ్గాల మీద ఇప్పుడు ఎక్కువగా పాలిస్టర్ ఆడుతోంది. అది పెట్రోలియం బిడ్డ, అందులో సెల్యులోజ్ లేదు. ఒకప్పుడు నేతబట్ట చిరిగితే కాగజీ గుమ్మానికి పనికొచ్చేది. పాలిస్టర్ చింకి ఎంత దంచినా కాగజ్ కాదు. నేతగాడి చేతి నుంచి కాగజీ చేతికి సాగిన ఆ సిల్సిలా అలా తెగింది.

మిల్లును తప్పుపట్టడం ఇన్సాఫ్ కాదు. ఒక్కో కాగజ్ చేత్తో ఎత్తితే మదర్సా పిల్లలందరికీ కితాబులు ఎలా అందుతాయి? 1917లో మొదలైన దారుల్ తర్జుమా ఉస్మానియా కోసం సైన్సును ఉర్దూలోకి తెచ్చిందంటే, ఆ ఇల్మ్ ఇంటింటికీ చేరింది యంత్రం కాగజ్ మీదే. చౌక కాగజ్ చదువును ఇచ్చింది, ఉమర్‌ను తీసుకుంది.

మరి మన వంతు ఏంటి? ఈరోజు కాగజాత్ అడగని దఫ్తర్ లేదు. వక్ఫ్ ముంతఖబ్, ఇనాం సనద్, నానీ నికాహ్‌నామా మన హక్కులకు గవాహీలు. వాటిని లామినేషన్ చేయించకండి, ఆ వేడి, ప్లాస్టిక్ కాగజ్‌ను చంపేస్తాయి. టేపు అంటించకండి. అఖ్బార్‌లో చుట్టకండి, దాని తేజాబ్ వీటికి పాకుతుంది. జుజ్దాన్ కుట్టినట్టు, ఉతికిన తెల్లటి నూలు బట్టలో చుట్టండి. ఎండ, తేమ తగలనీయకండి. వేపాకు పెడితే మూటకట్టి ఎడంగా పెట్టండి. అన్నింటికంటే ముందు ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంకో గుజారిష్. కోరుట్లలో, జగిత్యాలలో మీ ఖాందాన్ పెద్దలెవరైనా కాగజ్ పని చేసి ఉంటే, లేదా చేస్తుండగా చూసి ఉంటే, ఈ జుమా రోజే కూర్చోబెట్టి అడగండి. సున్నం ఎంత పోసేవారు, రాయి ఎక్కడ దొరికేది, కాగజ్ ఏ అంగడికి వెళ్లేది? జవాబులు రాసి పెట్టండి. రాసేది మంచి కాగజ్ మీద రాయండి.