ఎవరి తరఫున ఆడాలి? సాఫ్ట్‌బాల్‌లో పాస్‌పోర్టు, మూడేళ్ల గడువు

2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్ మహిళల సాఫ్ట్‌బాల్ ఫైనల్ వానలో జరిగింది. నాలుగో ఇన్నింగ్స్‌లో అమెరికా పిచ్చర్ లీసా ఫెర్నాండెజ్ విసిరిన బంతిని జపాన్ బ్యాటర్ రేకా ఉత్సుగి కంచె దాటించారు. ఆ మ్యాచ్‌లో జపాన్‌కు దక్కిన పరుగు అదొక్కటే. తర్వాతి ఇన్నింగ్స్‌లో అమెరికా స్కోరు సమం చేసింది. అదనపు ఇన్నింగ్స్‌లో, తడి గడ్డి మీద జపాన్ ఫీల్డర్ ఒక క్యాచ్ వదిలేయడంతో 2-1తో స్వర్ణం అమెరికాకు వెళ్లింది.

నాలుగో ఇన్నింగ్స్‌లో ఎదురెదురుగా నిలబడిన ఆ ఇద్దరి పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ఈ వ్యాసం విషయం అక్కడే కనిపిస్తుంది. ఫెర్నాండెజ్ పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో. తండ్రిది క్యూబా, తల్లిది ప్యూర్టో రికో. ప్యూర్టో రికో వాసులు అమెరికా పౌరులే అయినా వారికి సొంత ఒలింపిక్ కమిటీ ఉంది, సొంత జట్లున్నాయి. ఉత్సుగి పుట్టింది బీజింగ్‌లో, అసలు పేరు రెన్ యెన్‌లీ. 1980ల్లో ఆమె ఆడింది చైనా జాతీయ జట్టుకు. 1988లో జపాన్ చేరి కంపెనీ జట్టు హిటాచీ తకసాకీలో ఆడడం మొదలుపెట్టారు. 1995లో జపాన్ పౌరసత్వం తీసుకుని, తనను ఆదరించిన తాయెకో ఉత్సుగి ఇంటిపేరునే తన పేరులో చేర్చుకున్నారు.

సాఫ్ట్‌బాల్ తొలిసారి ఒలింపిక్స్‌కు వచ్చింది 1996లో, అట్లాంటాలో. అప్పటికి ఆమెకు 33 ఏళ్లు. బ్యాటర్‌గా మంచి ఊపు మీద ఉన్న కాలం. అయినా ఆడలేకపోయారు. పౌరసత్వం మారిన క్రీడాకారులు కొత్త దేశం తరఫున ఒలింపిక్స్‌లో ఆడాలంటే, ఆ మార్పు జరిగిన నాటి నుంచి మూడేళ్లు ఆగాలని ఆనాటి ఒలింపిక్ చార్టర్ చెప్పేది. పాత దేశం ఒప్పుకుంటే గడువు తగ్గించవచ్చు, పూర్తిగా ఎత్తేయవచ్చు. చైనా ఒప్పుకోలేదు. అట్లాంటాలో చైనాకు రజతం వచ్చింది, జపాన్ నాలుగో స్థానంలో ఆగింది.

ఆమె చైనా తరఫున ఆడడం మానేసి అప్పటికే ఎన్నో ఏళ్లయింది. జపాన్‌లో ఎనిమిదేళ్లుగా ఉంటున్నారు, అక్కడి లీగ్‌లోనే ఆడుతున్నారు. ఆ ఎనిమిదేళ్లలో ఒక్కటీ లెక్కలోకి రాలేదు. గడియారం తిరగడం మొదలైంది 1995లో, చేతికి కొత్త కాగితం అందిన రోజున. తర్వాతి కాలంలో చార్టర్‌లో ఈ లెక్క మారింది. ఇప్పటి 41వ నియమం అనుబంధం ప్రకారం, పాత దేశం తరఫున చివరిసారి ఆడిన రోజు నుంచి మూడేళ్లు లెక్కిస్తారు. ఇదే లెక్క 1996లో ఉండి ఉంటే ఎవరి సమ్మతితోనూ పని లేకుండా ఆమె అట్లాంటా మైదానంలో దిగేవారు. సిడ్నీలో రజతం, 2004 ఏథెన్స్‌లో 41 ఏళ్ల వయసులో కాంస్యం, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో జపాన్ ప్రధాన కోచ్‌గా స్వర్ణం: ఇవన్నీ ఆ తర్వాత ఆమెకు దక్కాయి. పోయిన అట్లాంటా మాత్రం పోయినట్టే.

ఈ వ్యాసం వాదన ఇది. అంతర్జాతీయ సాఫ్ట్‌బాల్ అర్హత నియమాలు క్రీడాకారిణిని రెండే ప్రశ్నలు అడుగుతున్నాయి: నీ దగ్గర ఏ దేశం పాస్‌పోర్టు ఉంది, ఇంతకుముందు ఎవరి తరఫున ఆడావు? ఆమె ఎక్కడ ఉంటోంది, ఎక్కడి మైదానాల్లో ఎదిగింది, ఏ లీగ్‌కు చెమటోడుస్తోంది అన్నవి వాటికి పట్టవు. అందువల్ల ఒక దేశంలో స్థిరపడి, అక్కడి ఆటలో భాగమైన మనిషి బయట నిలబడవచ్చు. ఆ దేశంలో ఒక్క సీజన్ కూడా ఆడని మనిషి నేరుగా జట్టులోకి రావచ్చు.

రెండో రకానికి ఏథెన్స్ మంచి ఉదాహరణ. 2004లో ఆతిథ్య దేశంగా గ్రీస్‌కు సాఫ్ట్‌బాల్‌లో నేరుగా చోటు దొరికింది. దేశంలో ఆ ఆట దాదాపు లేదు. దాంతో అమెరికాలో స్థిరపడ్డ గ్రీకు కుటుంబాల అమ్మాయిలను వెతికి జట్టు కూర్చారు. తాత ముత్తాతల మూలాలు చూపితే పౌరసత్వం ఇచ్చే గ్రీకు చట్టం అందుకు దారి ఇచ్చింది. నియమాల్లో ఎక్కడా తప్పు లేదు. ఆ అమ్మాయిలు మనస్ఫూర్తిగానే ఆడారు. కానీ పోటీలు ముగిశాక వాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు, ఆట వాళ్లతోపాటే వెళ్లిపోయింది. పాత విమానాశ్రయం స్థలంలో ఎల్లినికో దగ్గర కట్టిన సాఫ్ట్‌బాల్ స్టేడియం కలుపు మొక్కలు మొలిచి ఏళ్ల తరబడి పాడుబడి ఉంది.

మెక్సికో కథ ఇంతకన్నా చిక్కైనది, మరింత శ్రద్ధగా చూడదగ్గది.

మెక్సికోలో పుట్టినవారికి, విదేశాల్లో మెక్సికన్ తల్లిదండ్రులకు పుట్టినవారికి జన్మతః వచ్చిన పౌరసత్వం ఇక పోదని 1998లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగ సవరణ చెప్పింది. అంటే లాస్ ఏంజెలెస్‌లోనో టెక్సాస్‌లోనో పుట్టిన అమ్మాయి రెండు పాస్‌పోర్టులు నిశ్చింతగా ఉంచుకోవచ్చు. మరోవైపు, విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధిస్తూ 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం పుణ్యమా అని అమెరికా విశ్వవిద్యాలయాల్లో మహిళల సాఫ్ట్‌బాల్ విపరీతంగా పెరిగింది. కాలేజీ క్రీడల అగ్రశ్రేణిలోనే దాదాపు 300 జట్లున్నాయి. అమెరికా ఒలింపిక్ జట్టులో చోట్లు మాత్రం 15. మిగిలిపోయిన ప్రతిభ ఎటో ఒకవైపు ప్రవహించక తప్పదు. మెక్సికో ఆ ప్రవాహానికి తలుపు తీసింది. 2019లో కెనడాలోని సర్రేలో జరిగిన అమెరికా ఖండాల అర్హత పోటీల్లో గెలిచి, మెక్సికో మొదటిసారి ఒలింపిక్ సాఫ్ట్‌బాల్‌కు చేరింది. టోక్యో వెళ్లిన 15 మందిలో మెక్సికోలో పుట్టింది ఒక్క స్తెఫానియా అరాదియాస్ మాత్రమే. పిచ్చర్ డేనియెల్ ఒటూల్ అంతకుముందు అమెరికా జాతీయ జట్టుకు కూడా ఆడారు.

కాంస్య పతక పోరులో కెనడా చేతిలో 3-2తో, ఒక్క పరుగు తేడాతో ఓడారు. తొలి ఒలింపిక్స్‌లోనే నాలుగో స్థానం గొప్ప విషయమే. ఆ గొప్ప రెండు రోజులు కూడా నిలవలేదు. ఒలింపిక్ గ్రామంలో చెత్త సంచుల్లో పడి ఉన్న మెక్సికో సాఫ్ట్‌బాల్ యూనిఫాంల ఫొటోలను ఆ దేశపు బాక్సర్లు ఇద్దరు బయటపెట్టారు. విమాన సామాను బరువు ఎక్కువవుతుందని వదిలేశారని సమాఖ్య అధ్యక్షుడు వివరణ ఇచ్చారు. ఎవరూ వినిపించుకోలేదు. వీళ్లు మెక్సికన్లే కారని, అమెరికాలో చోటు దొరక్క వచ్చినవాళ్లని దేశమంతా విరుచుకుపడింది.

యూనిఫాం పారేయడం తప్పే. దాన్ని సమర్థించాల్సిన పని లేదు. అయితే ఆ కోపం పుట్టిన ఊరి మీదకు మళ్లడం అన్యాయం. వలస వెళ్లిన కుటుంబాల పిల్లలకు తల్లిదండ్రుల దేశంతో ఉన్న బంధాన్ని జనన ధ్రువపత్రంతో కొలవలేం. నిలదీయాల్సింది వేరే ఉంది: మెక్సికోలోనే పుట్టిన అమ్మాయికి పదేళ్లపాటు ఆడుకోవడానికి మైదానం, కోచ్, లీగ్ ఎందుకు లేకపోయాయి? దానికి జవాబు కాస్త ఆలస్యంగానైనా వచ్చింది. బేస్‌బాల్ క్లబ్బుల ఆధ్వర్యంలో 2024లో ఆరు జట్లతో మెక్సికో మహిళల ప్రొఫెషనల్ సాఫ్ట్‌బాల్ లీగ్ మొదలైంది. సరిహద్దుకు ఇవతలా అవతలా పుట్టినవారు ఒకే జట్టులో, మెక్సికో నగరాల్లో, మెక్సికో ప్రేక్షకుల ముందు ఆడుతున్నారు. గ్రీస్‌లో జరగనిది ఇక్కడ జరిగింది.

ఇతర క్రీడలు నివాసాన్ని ఎలా పరిగణిస్తున్నాయో చూస్తే పోలిక స్పష్టమవుతుంది. అంతర్జాతీయ క్రికెట్ మండలి నియమాల్లో పుట్టుక, పౌరసత్వంతోపాటు మూడేళ్ల నివాసం కూడా అర్హతే. 2010లో భారత అండర్-19 జట్టుకు ఆడిన సౌరభ్ నేత్రావల్కర్ 2024 టీ20 ప్రపంచ కప్‌లో అమెరికా తరఫున పాకిస్తాన్‌పై సూపర్ ఓవర్ వేశారు. రగ్బీ 2022 నుంచి నివాస గడువును అయిదేళ్లకు పెంచింది, అమ్మమ్మలు, తాతయ్యల జన్మస్థలాన్ని కూడా ఒప్పుకుంటుంది. సాఫ్ట్‌బాల్‌కు నివాసం అనే తలుపు లేదు కాబట్టి, భారమంతా ఆయా దేశాల పౌరసత్వ చట్టాల మీద పడుతోంది. ఆ చట్టాలు ఆటను దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు. వంశమూలాలతో పౌరసత్వం ఇచ్చే విషయంలో ఎంతో ఉదారంగా ఉండే ఇటలీ, 2025లో దాన్ని తల్లిదండ్రులు, వారి తల్లిదండ్రుల వరకే కుదించింది. టోక్యోలో ఆడిన ఆరు జట్లలో ఇటలీ ఒకటి. అమెరికాలో పుట్టిన ఇటలీ సంతతి క్రీడాకారిణులు ఆ దేశం తరఫున ఆడడం కొత్త కాదు. ఇకమీదట ముత్తాత పేరు చూపించి వచ్చేవారికి ఆ దారి ఇరుకవుతుంది.

భారతదేశం ఈ వరుసలో మరో కొసన ఉంది. 1955 నాటి పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో సానియా మీర్జాకు జోడీగా ఆడిన సునీతా రావు అమెరికాలో పుట్టినవారు. అదే ఏడాది చివర్లో కేంద్ర క్రీడా శాఖ విధానం మార్చింది. భారత పాస్‌పోర్టు ఉన్నవారే జాతీయ జట్లలో ఆడాలని, విదేశాల్లోని భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు చాలదని తేల్చింది. జపాన్ తల్లికి, భారతీయ తండ్రికి పుట్టిన ఫుట్‌బాలర్ అరాటా ఇజుమి జపాన్ పాస్‌పోర్టు వదులుకున్నాకే 2013లో భారత జట్టులోకి రాగలిగారు.

ఈ నిబంధన తెలుగువారికి దూరపు సంగతేమీ కాదు. టెక్సాస్, న్యూజెర్సీ వంటి రాష్ట్రాల్లో తెలుగు కుటుంబాల అమ్మాయిలు చదివే పాఠశాలల్లో సాఫ్ట్‌బాల్ మామూలు ఆట. అక్కడ పుట్టిన తెలుగు అమ్మాయి ఎంత బాగా ఆడినా భారత జట్టుకు నేరుగా ఎంపిక కాలేదు. ఓసీఐ కార్డు తీసుకుని అయిదేళ్లు నిండాలి, దరఖాస్తుకు ముందు ఏడాది భారత్‌లో ఉండాలి, ఆపైన పౌరసత్వం వస్తే అమెరికా పాస్‌పోర్టు వదులుకోవాలి. పద్దెనిమిదేళ్ల వయసులో కార్డు తీసుకుంటే ఈ తంతు ముగిసేసరికి ఆమెకు ఇరవై మూడు దాటుతాయి. అయినా, అందుకోసం చట్టాన్ని ఒక్కసారిగా సడలించాలని కోరడం తొందరపాటే అవుతుంది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ మైదానాల్లో పల్లెటూరి అమ్మాయిలు సాఫ్ట్‌బాల్ నేర్చుకుంటున్నారు. బయటివారికి తలుపు తీసేముందు వీళ్లకు ఏడాది పొడవునా ఆడే లీగ్ ఉండాలి. అప్పుడు టెక్సాస్ నుంచి వచ్చిన పిచ్చర్ ఆ లీగ్‌లో రెండు మూడు సీజన్లు ఆడడాన్నే అర్హతగా పెట్టవచ్చు. అది కాగితం కన్నా నమ్మదగిన ఆధారం, ఇక్కడి అమ్మాయిలకు మంచి పిచింగ్‌ను ఎదుర్కొనే అవకాశం కూడా.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌తో సాఫ్ట్‌బాల్ మళ్లీ తిరిగి వస్తోంది, మ్యాచ్‌లు ఓక్లహోమా సిటీలో జరుగుతాయి. పోటీలు 2028 జూలైలో. అంటే 2025 జూలై తర్వాత ఒక దేశం తరఫున గుర్తింపు పొందిన ప్రపంచ, ఖండస్థాయి పోటీలో ఆడిన క్రీడాకారిణి అక్కడ మరో దేశం జెర్సీ వేసుకోవాలంటే, పాత దేశపు ఒలింపిక్ కమిటీ సంతకం కోసం ఎదురుచూడాలి.