ప్రూఫు నుంచి ప్రివ్యూ వరకు: మొబైల్ తెరపై తెలుగు లిపి పరీక్ష – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
అచ్చుకాలంలో గ్రంథానికి తుది ప్రూఫు ఒక్కటే. మొబైల్ తెరమీద మాత్రం ప్రతి పాఠకుడి పరికరమూ పాఠాన్ని మళ్ళీ కూర్చుకుంటుంది. ఈ మార్పుతో తెలుగు వెబ్‌సైట్లను, యాప్‌లను విడుదలకు ముందు సరిచూడడం అనే పని ఏ దశలు దాటి వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ పరీక్షాపద్ధతులు లాటిన్ లిపి కొలతలతో రూపొందాయనీ, వత్తు వాటి లెక్కలోకి చాలా ఆలస్యంగా వచ్చిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యూనికోడ్, వత్తు, ఫాంటు, ఎమ్యులేటరు, వరుస ఎత్తు, ప్రివ్యూ.

1. ప్రూఫు, ప్రివ్యూ

చేతికూర్పు అచ్చులో అక్షరం కింద వత్తుకు చోటు కల్పించే బాధ్యత కంపోజిటరుది. గ్యాలీ ప్రూఫు లాగి, దిద్దుబాట్లు ముగిసి, అచ్చుకు అనుమతి దొరికాక 1000 ప్రతులు వేసినా అన్నింటా అదే పుట ఉండేది. తప్పు మిగిలితే అన్ని ప్రతుల్లోనూ మిగిలేది. దానికి తప్పొప్పుల పట్టిక అనే విరుగుడూ ఉండేది. పాఠపరిష్కర్త చూసిన పుటే పాఠకుడూ చూస్తాడన్నది ఆ వ్యవస్థ ఇచ్చిన హామీ.

యూనికోడ్ పాఠానికి ఈ హామీ లేదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం దక్కింది. భారతీయ లిపుల కోసం అప్పటికే రూపొందిన ఇస్కీ విధానం దీనికి ఆధారం. అందులో వత్తులకు విడి సంకేతాలు లేవు. హల్లు, పొల్లు, మరో హల్లు వరుసగా వస్తే రెండవదాన్ని వత్తుగా మార్చి కింద చేర్చే పని పరికరంలోని ఫాంటు, షేపింగ్ ఇంజను కలిసి చేయాలి. అంటే వెబ్‌సైట్ పంపేది సంకేతాల వరుస మాత్రమే. కంపోజిటరు పని పాఠకుడి చేతిలోని ఫోనులో, చదివే క్షణంలో జరుగుతుంది. ఎన్ని రకాల ఫోన్లుంటే అన్ని ప్రూఫులు. నేటికీ అనేక తెలుగు పత్రికలు పీడీఎఫ్‌ను వదలకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అందులో పుట చెదరదు. అయితే అరచేతి తెరపై ఆ పుటను పెద్దది చేసుకుని, అటూ ఇటూ జరుపుకుంటూ చదవవలసిన శ్రమ పాఠకుడిపై పడుతుంది.

2. డబ్బాల కాలం

కంప్యూటరు విషయంలో ఈ చిక్కు 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో కొంత తీరింది. దానితోపాటు వచ్చిన గౌతమి ఫాంటుకు తోడు తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు యూనికోడ్ తెలుగుకు ఆసరా అయ్యాయి. ఫోను మాత్రం వెనుకబడింది. తెలుగు ఫాంటు లేని ఫోనులో ప్రతి సంకేతం స్థానంలోనూ ఒక ఖాళీ చతురస్రం కనిపించేది. తెలుగు వాడుకలో దానికి 'డబ్బా' అన్న పేరు స్థిరపడింది. తరువాతి కాలంలో గూగుల్ తన ఫాంట్ల శ్రేణికి పెట్టిన 'నోటో' అనే పేరుకు మూలం కూడా ఈ డబ్బాలు ఉండరాదన్న సంకల్పమే.

ఆ దశలో ఒక ఉపాయం చెప్పుకోదగినది. 2006లో ప్రపంచవ్యాప్తంగా విడుదలైన ఒపెరా మినీ బ్రౌజరు పుటను తన సర్వరులో సిద్ధం చేసి ఫోనుకు పంపేది. దాని అంతర్గత అమరికల్లో, సంక్లిష్ట లిపులను బొమ్మలుగా చూపే ఎంపిక ఒకటి ఉండేది. దాన్ని ఎంచుకుంటే తెలుగు ఫాంటు లేని ఫోనులోనూ వత్తులతో సహా తెలుగు కనిపించేది. ఫోనుకు చేరేది అక్షరం కాదు, అక్షరపు బొమ్మ కాబట్టి ఆ పాఠానికి పాఠంగా ఉండే సౌలభ్యాలు లేవు. అయినా కూర్పు ఒకచోట, చదువు మరొకచోట అన్న అచ్చు పద్ధతికే అది తిరిగి వెళ్ళిందని గమనించాలి.

2008లో ఆండ్రాయిడ్ ఫోన్లు మార్కెట్లోకి వచ్చేనాటికి వాటిలో తెలుగు లేదు. కొందరు ఔత్సాహికులు ఫోను వ్యవస్థలోకి చొరబడి తెలుగు ఫాంటును చేర్చుకున్నారు. డబ్బాలు పోయాయి గాని అక్షరాలు కలవలేదు. ఫాంటు ఉన్నా షేపింగ్ ఇంజను లేకపోవడంతో 'అక్క' అన్నది 'అక్‌క'గా విడిపోయి కనిపించింది. సొంతంగా ఏర్పాట్లు చేసుకున్న తయారీసంస్థల ఫోన్లను మినహాయిస్తే, ఆండ్రాయిడ్‌లో తెలుగు సరిగా కూడుకోవడం 2012 నాటి జెల్లీబీన్‌తో మొదలైంది. మెనూలతో సహా ఫోను మొత్తాన్ని తెలుగులో వాడుకునే వీలు 2014 నాటి లాలీపాప్‌తో వచ్చింది. ప్రభుత్వపరంగా భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో ఒక ప్రమాణం నిర్దేశించింది. ఫోనులో 22 షెడ్యూల్డు భాషల పాఠమూ చదవగలిగేలా ఉండాలన్నది అందులోని ముఖ్యాంశం. 'కనిపించడం' అన్నది అలా ఒక పరీక్షాంశమైంది.

3. ఎమ్యులేటరులో తెలుగు

ఇదే కాలంలో మొబైల్ పుటలను పరీక్షించే పనిముట్లు వేగంగా వృద్ధి చెందాయి. 2007 చివర ఆండ్రాయిడ్ ఎమ్యులేటరు, 2008లో ఐఫోన్ సిమ్యులేటరు ప్రోగ్రామర్ల చేతికి అందాయి. 2008 జూలైలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం మొబైల్ వెబ్‌కు ఉత్తమ పద్ధతుల పత్రాన్ని ఆమోదించింది. ఎమ్యులేటర్లతోపాటు అసలు పరికరాలపైనా పరీక్షించాలన్నది అందులోని సూచనల్లో ఒకటి. 2010 మే నెలలో ఈథన్ మార్కోట్ ప్రతిపాదించిన 'రెస్పాన్సివ్' రూపకల్పన పరీక్ష స్వభావాన్నే మార్చింది. ఒకే పుట వేర్వేరు వెడల్పుల్లో ఎలా సర్దుకుంటుందో చూడడం ప్రధానమైంది. క్రోమ్ బ్రౌజరులోని పరికర నమూనా ఆ పనిని ఒక్క మీటకు కుదించింది.

తెలుగుకు సంబంధించి అసలు లోపం ఇక్కడే ఉంది. క్రోమ్ పరికర నమూనా తెర వెడల్పును అనుకరిస్తుంది, ఫోనులోని ఫాంట్లను కాదు. విండోస్ కంప్యూటరులో తెరిచిన ప్రివ్యూలో తెలుగు ఆ కంప్యూటరు ఫాంటుతోనే, గౌతమితోనో నిర్మలతోనో కనిపిస్తుంది. చూసేవారికి అది ఫోను చట్రంలో ఇమిడిన నిర్దుష్టమైన తెలుగు. పాఠకుడి ఫోనులో అదే పాఠాన్ని మరో ఫాంటు, మరో ఇంజను కూరుస్తాయి. వెబ్‌సైట్‌తోపాటే ఫాంటును పంపే పద్ధతి ఈ తేడాను కొంత తగ్గించింది. ఇంజను తేడాను తగ్గించలేదు. గూగుల్ 2014లో ప్రవేశపెట్టి 2023 చివర ఉపసంహరించిన మొబైల్ అనుకూలతా పరీక్ష సైతం అక్షర పరిమాణాన్ని, మీటల ఎడాన్ని, తెర వెడల్పును చూసిందే తప్ప వత్తును చూడలేదు. లైట్‌హౌస్ అనే మరో పనిముట్టు 12 పిక్సెళ్ళ అక్షరాన్ని చదవదగినదిగా పరిగణించింది. ఆంగ్ల అక్షరానికి అది చాలవచ్చు. ఒకే నిలువులో గుణింతపు గుర్తునూ వత్తునూ మోసే తెలుగు అక్షరానికి అదే కొలత వర్తించదు.

4. 2018: 'జ్ఞా' ఉదంతం

2018 ఫిబ్రవరిలో తెలుగు పేరు ప్రపంచ సాంకేతిక వార్తల్లో మారుమోగింది. ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఐఫోన్లలో ఒక తెలుగు అక్షరం తెరపైకి రాగానే యాప్ మూతపడింది. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ తెరను నడిపే ప్రోగ్రామే కూలింది. ఆ అక్షరం 'జ్ఞా' వంటిది. జ, పొల్లు, ఞ తరువాత కంటికి కనబడని ఒక విభాజక సంకేతం, ఆపైన దీర్ఘం – ఇదీ ఆ వరుస.

ఆ విభాజకం తెలుగులో అరుదైనది కాదు. 'ఆండ్రాయిడ్‌లో' అని రాసేటప్పుడు డ కింద ల వత్తు చేరకుండా ఆపేది అదే. అన్యదేశ్యాలకు విభక్తి చేర్చే ప్రతి తెలుగు రచయితకూ అది నిత్యావసరం. అయితే వత్తుకూ దీర్ఘానికీ నడుమ దాన్ని ఎవరూ రాయరు. అందువల్ల సాధారణ పాఠంతో చేసే ఏ పరీక్షలోనూ ఈ లోపం బయటపడే అవకాశం తక్కువ. మనీశ్ గోరేగావ్కర్ జరిపిన విశ్లేషణలో ఇదే తరహా వరుసలు బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఐఫోనును కూల్చగలవని తేలింది. లోపం ఆపిల్‌వారి కోర్‌టెక్స్ట్ అనే కూర్పు విభాగానిది. ఐఫోనులో బ్రౌజరు పేరు ఏదైనా అక్షరాన్ని కూర్చేది అదే కాబట్టి, బ్రౌజరు మార్చి తప్పించుకునే దారి లేకపోయింది. ఫిబ్రవరి 19న విడుదలైన 11.2.6తో దిద్దుబాటు జరిగింది. అప్పటికే పరీక్షలో ఉన్న 11.3 నమూనాలో ఈ లోపం లేకపోవడం విశేషం. వార్తల్లో మాత్రం అది 'తెలుగు బగ్'గానే మిగిలింది. కూర్చలేని యంత్రం తప్పు కూర్పబడిన లిపి పేరున చెలామణి కావడం సరైన నామకరణం కాదు.

5. ఏ పదంతో పరీక్షించాలి?

ఒక ఫోనులో తెలుగు వస్తుందో లేదో చూడదలచినవారు సహజంగా టైపు చేసే పదం 'తెలుగు'. అందులో ఒక ఎత్వం, రెండు కొమ్ములు ఉన్నాయి. వత్తు ఒక్కటీ లేదు. ఆ పదం సరిగా కనిపించిందంటే లిపిలోని సులువైన భాగం సరిగా ఉందని మాత్రమే అర్థం. 'రాష్ట్రం' రెండు వత్తులను పరీక్షిస్తుంది. 'స్త్రైణం' అన్నది ఇంకా కఠినమైన పరీక్ష, ఎందుకంటే రెండు వత్తులకు తోడు ఐత్వం కింది భాగం కూడా అక్కడే చోటు కోరుతుంది. ప్రాచీన పాఠాలను ప్రచురించేవారికి అరసున్న, శకటరేఫం, 2008లో యూనికోడ్‌లో చేరిన దంత్య చ-జలు, 2021లో చేరిన నకారపొల్లు కూడా పరీక్షాక్షరాలే. వీటిలో చివరిది పాత ఫోన్లలో నేటికీ డబ్బాగానే దర్శనమిస్తుంది.

అనువాదానికి ముందే యాప్ తెరలను పరీక్షించడానికి ఆండ్రాయిడ్‌లో రెండు కృత్రిమ భాషలున్నాయి. ఒకటి ఆంగ్లపదాలకు స్వరచిహ్నాలు తగిలించి, నిడివి పెంచి చూపుతుంది. రెండవది కుడి నుంచి ఎడమకు నడిపిస్తుంది. అడ్డంగా పెరిగే భాషకూ దిశ మారే భాషకూ నమూనా దొరికింది. కిందికి పెరిగే లిపికి దొరకలేదు.

6. వరుస ఎత్తు

వత్తు తెగిపోవడం అందానికి సంబంధించిన ఫిర్యాదు మాత్రమే కాదు. వరుస అడుగు కత్తిరించుకుపోతే 'గుడ్డి' 'గుడి' అవుతుంది, 'కల్ల' 'కల' అవుతుంది. పాఠభేదాలపై పుటలకొద్దీ చర్చించే సాహిత్యశాస్త్రానికి ఇది చిన్న విషయం కాజాలదు. రాతప్రతిలో లేఖకుడి పొరపాటుకు ఒక జాడ ఉంటుంది. తెరపై తెగిన వత్తు మూలపాఠంలో భద్రంగానే ఉంటుంది, చదివేవాడికి మాత్రం అందదు.

2014 నాటి లాలీపాప్‌లో ఈ సమస్యకు ఎంచుకున్న పరిష్కారం ఆలోచింపజేసేది. తెలుగు వంటి పొడవైన లిపులకు రెండు రకాల ఫాంట్లు సిద్ధమయ్యాయి. ఒకటి సహజమైన ఎత్తుది. మరొకటి లాటిన్ వరుస ఎత్తులో ఇమిడేలా కుదించినది. యాప్‌లకు అప్రమేయంగా అందింది కుదించిన రూపమే. సహజరూపం కావాలంటే ప్రోగ్రామరు ఒక ప్రత్యేక ఎంపికను వాడాలి. దాని పేరుకు తెలుగు చేస్తే 'సొగసైన పాఠపు ఎత్తు' అవుతుంది. తెలుగు అక్షరం తన ఎత్తులో తాను నిలవడం మామూలు విషయంగా కాక సొగసుగా నమోదైంది. ఆంగ్ల తెరలు చెదరకుండా కాపాడుకోవడమే ఈ కుదింపు ఉద్దేశం. దాని ఫలితంగా ఆంగ్లం కోసం గీసిన పెట్టెలో తెలుగు ఒదిగింది, వత్తులు నలిగాయి. పరీక్షకుడికి పెట్టె దాటిన అక్షరం కనిపించలేదు కనుక పరీక్ష నెగ్గింది. తెరపటాలను మునుపటి తెరపటాలతో పోల్చి తేడా ఉంటేనే హెచ్చరించే యాంత్రిక పరీక్షలు ఈ స్థితిని మరింత స్థిరపరిచాయి. వాటికి నలిగిన వత్తే ప్రమాణం.

మార్పు మొదలుకావడానికి 8 ఏళ్ళు పట్టింది. 2022 నాటి ఆండ్రాయిడ్ 13లో తమిళం, తెలుగు, బర్మీస్, టిబెటన్ వంటి లిపులకు వాటికి తగిన వరుస ఎత్తును వాడడం ఆరంభమైంది. ఈ మార్పువల్ల యాప్ తెరలు మారవచ్చు కాబట్టి మళ్ళీ పరీక్షించుకోవాలని ప్రోగ్రామర్లను ఆ సందర్భంలోనే హెచ్చరించారు. 2024 నాటి ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా చేసుకున్న యాప్‌లలో సహజ ఎత్తే అప్రమేయమైంది. 2025 నాటి ఆండ్రాయిడ్ 16తో ఆ ఎంపికకే కాలం చెల్లింది. కొత్త లక్ష్యానికి మారిన యాప్‌లలో కుదించిన ఫాంటును తిరిగి తెచ్చుకునే వీలు లేదు. తెలుగుతోపాటు కన్నడం, మలయాళం, తమిళం, గుజరాతీ, ఒడియా తదితర లిపుల తెరలను సరిచూసుకోవాలని అధికారిక సూచనల్లో పేర్లతో సహా పేర్కొన్నారు.

అయితే ఇది కొత్త ఫోన్లకూ, కొత్త లక్ష్యానికి మారిన యాప్‌లకూ వర్తించే మాట. ఆండ్రాయిడ్ 13 కన్నా ముందటి ఫోను చేతిలో ఉన్న పాఠకుడికి పాత వరుస ఎత్తే కొనసాగుతుంది. తెలుగు పత్రిక యాప్‌ను విడుదల చేసేవారి బల్లపై కొత్త ఫోనుతోపాటు అటువంటి పాత ఫోను ఒకటి ఉండాలి. అందులో తెరిచి చూడవలసిన మొదటి పదం 'తెలుగు' కాదు, 'స్త్రైణం'.