చట్టం చదువుకున్న గుమాస్తా

మన వేదిక దగ్గరికి వచ్చే అన్నదమ్ముల నోట మేము తరచూ వినే మాట ఒకటుంది: "చట్టం మనకేం తెలుస్తుందన్నా? కాగితం ఇచ్చారు, సంతకం పెట్టాం." అలా ఊరుకోని ఒక గుమాస్తా కథ ఈసారి చెప్పుకుందాం.

ఇంగ్లండు కామన్ లా ఒక్కచోట రాసిపెట్టిన చట్టం కాదు. తీర్పు మీద తీర్పు పేరుకుని పెరిగింది. కోర్టు కాగితాలు చాలాకాలం లాటిన్‌లోనే ఉండేవి. 1733 నుంచి ఇంగ్లీషు స్థిరపడింది. 1765–1769 మధ్య విలియం బ్లాక్‌స్టన్ అనే ఆచార్యుడు ఆ చట్టాన్నంతా నాలుగు సంపుటాల్లో, లాయర్లు కానివాళ్లకూ అర్థమయ్యేలా రాశాడు.

ఆ 1765లోనే లండన్‌లో యజమాని చావగొట్టి వీధిలో వదిలేసిన జొనాథన్ స్ట్రాంగ్ అనే నల్లజాతి బానిస కుర్రాడిని గ్రాన్‌విల్ షార్ప్, వైద్యుడైన ఆయన అన్న కలిసి బతికించారు. రెండేళ్లకు యజమాని అతన్ని మళ్లీ పట్టించి అమ్మేశాడు. షార్ప్ మేయర్ ముందు వాదించి విడిపించాడు. దాంతో ఆయన మీదే దావా పడింది. చట్టం నీ వైపు లేదన్నారు లాయర్లు. షార్ప్ ప్రభుత్వ ఆఫీసులో చిన్న గుమాస్తా. లా చదవలేదు. అయినా రెండేళ్లు తానే పాత తీర్పులు, శాసనాలు తిరగేశాడు. ఇంగ్లండులో బానిసత్వానికి చట్టం అండ లేదని రాసి, ఆ రాతప్రతులను లాయర్లకు పంచాడు. 1769లో దాన్ని పుస్తకంగా అచ్చు వేశాడు. ఆయన మీద దావా నిలవలేదు. 1772లో జేమ్స్ సోమర్‌సెట్ కేసులో, బానిసను బలవంతంగా దేశం దాటించడానికి వీల్లేదని లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తీర్పు చెప్పాడు.

ఆ తీర్పుతో బానిసత్వం పోలేదు. సామ్రాజ్యంలో దాన్ని రద్దు చేసిన చట్టం 1833లో గానీ రాలేదు. ఆ తర్వాత తోటల్లో పనికి మనవాళ్లను ఒప్పందాల మీద ఓడలెక్కించారు. కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్లిన తెలుగువాళ్లలో ఎందరో తాము చదవలేని కాగితం మీదే గుర్తు పెట్టారు.

మనం ఉంటున్న మలేసియాలోనూ కామన్ లాకు 1956 సివిల్ లా చట్టం చోటిచ్చింది. పశ్చిమ మలేసియాలో 1955 ఎంప్లాయ్‌మెంట్ చట్టం ప్రకారం నెలకు మించిన పని ఒప్పందం రాతలో ఉండాలి. జీతం లెక్క గడువు ముగిశాక ఏడో రోజులోపు జీతం చేతికందాలి. అందకపోతే లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేయొచ్చు.

ఈ నాలుగు ముక్కలు మీ గదిలోవాళ్లకు చదివి వినిపించండి. అర్థం కాని కాగితం చేతికొస్తే, సంతకానికి ముందే మా దగ్గరికి తీసుకురండి. కూర్చుని కలిసి చదువుదాం.