బిందె, తూటా, గుర్రపుశాల

మా టెక్కలి అమ్మమ్మ బుడితి ఇత్తడి బిందె కొనేటప్పుడు మెరుపు చూసేది కాదు. మెడ చుట్టూ వేలితో తడిమి, గోటితో మీటి వినేది. పేలిన తూటా గొట్టంలో మళ్లీ మందు కూరవచ్చా అని చూసేదీ ఇంచుమించు అలాగే! అదీ ఇత్తడే మరి: 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం. మూతి దగ్గర వెంట్రుకంత బీటో, అడుగుకు కాస్త పైన సన్నని గీతో కనిపిస్తే తుక్కులో వేయాల్సిందే. లేకపోతే పగిలేది కాల్చేవాడి మొహం ముందే.

తెల్లదొరల కాలంలో మన దేశపు పటాలాల్లో, వానాకాలం వస్తే పేల్చని తూటాలు సైతం చీలిపోయేవి. నేరం వాన మీదకు నెట్టి ‘సీజన్ క్రాకింగ్’ అన్నారు. 1921లో మూర్ ప్రభృతులు గుట్టు విప్పారు. తూటాలు దాచింది గుర్రపుశాలల్లో! మూత్రం నుంచి లేచే అమ్మోనియా తేమతో కలిసి, బిగుసుకున్న ఇత్తడిని కొరికేసేది. సెగన కాచి ఆ బిగువు సడలిస్తే జబ్బు లేదు.

అమ్మమ్మ తన బిందెను పశువులశాల గడప దాటనిచ్చేది కాదు. మడి కాబోలు అనుకునేదాన్ని.